ఇనుప కాళ్ల టీపాయి

చిట్టమూరు,
జూన్ నెలాఖరు.

వినీలకు వదిన ఆదిశేషమ్మ దీవెనలు.

నాకు చెవులు మొద్దుబారాక ఫోను దండగ వస్తువైపోయింది. మొన్న నువ్వు మాట్లాడినప్పుడు నీ గొంతు పెరట్లో గేదెలకు కూడా వినబడిందట, నాకు మాత్రం వినబడలేదు. వాట్సాపులో పెడదామంటే ఆ ఫోను మీ అన్నయ్యది. ముందు ఆయన చదివి, తర్వాత ఆయన కూర్చునే టీ అంగడంతా చదివి, ఆఖరున నా దగ్గరికి వస్తుంది. అందుకే కాగితమే నయమనుకున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. నీ అక్షరాలు ముచ్చటగా ఉంటాయి.

అసలు సంగతికి వస్తాను. మీరు ముత్తుకూరులో కొత్త అద్దె ఇంట్లో పాలు పొంగించిన రోజు నేను రాలేకపోయాను. ఉత్త చేతులతో ఊరుకోవడం బాగుండదని మొన్న మీ అన్నయ్యను వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లి, మీ హాలుకు ఒక టీపాయి కొన్నాను. ఆ షాపతను దాన్ని కాఫీ టేబుల్ అంటాడు. టీపాయి అంటే నామోషీ కాబోలు. పైన నల్లద్దం, కింద నాలుగు ఇనుప కాళ్లు. మీ అన్నయ్యకు టేకుది నచ్చింది. అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయని దాన్నే నిమురుతూ నిలబడ్డాడు. నేను ఒప్పుకోలేదు. ఇనుముదే కావాలని పట్టుబట్టాను. షాపులో అందరి ముందూ మాకు చిన్న యుద్ధమే జరిగింది. ఆయన ఏమంటున్నాడో నాకు వినబడదు కాబట్టి నేనే గెలిచాను.

రేపో మాపో ఆటోలో వస్తుంది. హాలు మధ్యలో, సోఫాకు ఎదురుగా వేయి. గోడవారకు జరపొద్దు. మా తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి కూర్చుంటే వాడి పాదాలు ఆ ఇనుప కాళ్లకు ఆనాలి. ఎందుకని అడగొద్దు, పెద్దదాన్ని చెబుతున్నాను.

ఇంకో మాట. ఓడరేవులో అంత ఎత్తున క్రేను మీద ఉద్యోగం. వాడికి గాలి తగలకుండా చూసుకో. చిన్నప్పటి నుంచీ వాడికి గాలి పడదు.

మీ వదిన,
ఆదిశేషమ్మ


ముత్తుకూరు,
జూలై.

వదిన గారికి వినీల నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. టీపాయి కూడా భద్రంగా వచ్చింది. చాలా బాగుంది, వదినా. అద్దంలో ముఖం చూసుకోవచ్చు. పక్కింటి రెబెక్కమ్మ గారు చూసి, "మీ ఆడబిడ్డకు టేస్టుంది" అన్నారు.

కాకపోతే ఇంకా హాల్లో వేయలేదు. ప్రస్తుతానికి వెనక వరండాలో దుప్పటి కప్పి ఉంచాను. ఈ ఇంటివాళ్లు నేల మీద గీత పడితే ఊరుకోరు. పైగా హాలు మధ్య భాగం బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టకూడదని ఎవరో చెప్పారు. మన హాలు కూడా మీరు అనుకున్నంత పెద్దది కాదు. నిదానంగా చోటు చూసి వేస్తాను. మీరు ఏమీ అనుకోవద్దు.

ఆయన బాగానే ఉన్నారు. మీరు గాలి సంగతి రాశారు కదా, చెవులకు కట్టుకోమని మఫ్లరు కొనిచ్చాను. ఈ ఎండల్లో మఫ్లరేమిటని నవ్వారు. క్రేను గదికి అద్దాలున్నాయట, లోపలికి గాలి రాదట.

ఒక చిన్న విన్నపం. ఇకనుంచి ఉత్తరాలు రెబెక్కమ్మ గారి ఇంటి చిరునామాకు రాయండి. మా తలుపుకు పోస్టు డబ్బా లేదు, కాగితాలు గాలికి కొట్టుకుపోతున్నాయి. ఆమె జాగ్రత్తగా తెచ్చిస్తారు.

అన్నయ్య గారిని అడిగానని చెప్పండి.

మీ
వినీల


చిట్టమూరు,
ఆగస్టు.

వినీలకు,

మీ అన్నయ్య హజరత్తయ్య గారు నిమ్మకాయల సంచీతో మీ ఇంటికి వచ్చి, తిరిగొచ్చారు. ఆయన కళ్లు మామూలు కళ్లు కావు. వచ్చీ రాగానే ఒక పలక మీద అంతా రాసి నాకు చూపించారు. మీ హాల్లో టీపాయి లేదట. టీపాయే కాదు, సోఫా కూడా గోడకు అంటించి, మధ్యలో రెండు బొంతలు పరిచావట. టీవీ బల్ల మూలలకు, కిటికీ అరుగుకు, చివరికి గోడ అలమర అంచుకు కూడా పాత చీర గుడ్డలు చుట్టావట. ఎందుకమ్మా అని ఆయన అడిగితే నీ ముఖం తెల్లగా పాలిపోయిందట.

నాకు కోపం వచ్చింది, దాచుకోను. నీకు వాస్తు ఎప్పటి నుంచి పట్టుకుంది? మీ పెళ్లికి ముహూర్తం దాటిపోతోందని పంతులు గోల పెడుతుంటే, తీరిగ్గా జడ వేయించుకుంటూ కూర్చున్న పిల్లవు నువ్వు. వదిన పంపిన వస్తువు నచ్చలేదని ముఖాన చెప్పు, పడతాను. వరండాలో దుప్పటి కప్పి పడుకోబెట్టడానికా నేను షాపులో అంత గొడవ పడి కొన్నది?

ఇంతా రాసి, మళ్లీ ఆలోచించాను. మూలలకు గుడ్డలు, నేల మీద బొంతలు. పాకే పిల్లలున్న ఇంట్లో కదా ఇలా చేస్తారు? ఒసే, ఏమన్నా విశేషమా? అయితే మాత్రం ఇంత ముందుగా ఎవరైనా బొంతలు పరుస్తారా? మూడో నెల నిండాక చెబుదామని దాస్తున్నావా? అదే అయితే నా కోపం ఇప్పుడే తీసేసుకుంటున్నాను. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాను కూడా. వెంటనే రాయి.

టీపాయి మాత్రం లోపల వేయి. పిల్లల ఇంట్లోనైనా ఇనుము ఉండాలి.

నీ వదిన


ముత్తుకూరు,
సెప్టెంబరు.

వదినా,

మీరు మొక్కు వెనక్కి తీసుకోండి. విశేషం ఏమీ లేదు. మీ ఉత్తరం చదివి రెబెక్కమ్మ గారి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఈ ఉత్తరం కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను. మీకు చెప్పనని ఆయన నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. దానివల్ల ఏమైనా కీడు జరుగుతుందేమోనని అదొక భయం నాకు.

మీ తమ్ముడికి ఫిట్స్ వస్తున్నాయి, వదినా.

మొదటిసారి ఏప్రిల్లో, పాత ఇంట్లో. వరసగా రాత్రి డ్యూటీలు చేసి వచ్చి, నిద్ర చాలక కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాఫీ తెమ్మన్నారు. నేను తెచ్చేలోపల చిన్న కేక వినిపించింది. ఆయన గొంతులా లేదు. వచ్చి చూస్తే స్టూలు పక్కన పడి కొట్టుకుంటున్నారు, కళ్లు పైకి తిరిగిపోయాయి, స్టూలు అంచు తగిలి చెవి వెనక రక్తం. చనిపోతున్నారనుకున్నాను. రెబెక్కమ్మ గారి ఇల్లు అప్పుడు మాకు ఎదురుగా ఉండేది. ఆమె పరుగున వచ్చి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. తర్వాత మీ తమ్ముడు లేచి, "ఏంది, ఎందుకట్టా చూస్తా ఉండావు?" అని నన్నే అడిగారు. ఆయనకు ఏమీ గుర్తులేదు. పిలిస్తే గోడ అవతలికి వినబడాలని ఆ ఇల్లు వదిలి, ఆమె పక్కనే ఈ ఇల్లు తీసుకున్నాం.

నెల్లూరులో డాక్టరుకు చూపించాం. మాత్రలు రాశారు. నిద్ర చెడకూడదన్నారు, ఎత్తు ఎక్కకూడదన్నారు, యంత్రాలు నడపకూడదన్నారు. మీ తమ్ముడు అన్నిటికీ తల ఊపి, బయటికి వచ్చి, "ఈ మాట కంపెనీలో తెలిస్తే నన్ను దించేస్తారు. క్రేను తప్ప నాకేం వచ్చు?" అన్నారు. మర్నాడే ఎక్కారు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి వచ్చింది, ఈ ఇంట్లో, బొంతల మీద. దేవుడి దయ, దెబ్బ తగల్లేదు.

అందుకే ఆ గుడ్డలు. అందుకే మీ టీపాయి వరండాలో ఉంది. దాని నాలుగు మూలలు చూస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది. ఆయన ఎక్కడ నిలబడితే ఎటు పడతారు, తల ఎక్కడ తగులుతుంది, రోజంతా ఇదే లెక్క. ఇంట్లో మూలలకైతే గుడ్డ చుట్టగలను. ఆ క్రేనుకు ఏం చుట్టను?

మీకు నవ్వు రావచ్చు. గాలి ఎక్కువైతే ఓడరేవులో క్రేన్లు ఆపేస్తారు. అందరూ వాయుగుండం తప్పిపోవాలని మొక్కుకుంటుంటే నేను రావాలని మొక్కుకుంటున్నాను. టీవీలో ప్రమాద హెచ్చరిక అనగానే నాకు ఊపిరి ఆడుతుంది. సముద్రం మీద బతికేవాళ్ల ఉసురు నాకు తగలకుండా ఉండాలి.

ఏం చేయాలో చెప్పండి. ఆయనకు మాత్రం నేను రాసినట్టు తెలియనివ్వకండి.

వినీల


చిట్టమూరు,
సెప్టెంబరు ఆఖరు.

అమ్మాయీ,

ఎక్కువ రాయలేను.

ముందు నేను చెప్పింది చెయ్యి. ఈ ఉత్తరం మడవకముందే వరండాలోకి వెళ్లి ఆ టీపాయిని హాలు మధ్యకు లాగు. ఇంట్లో ఉన్నంతసేపూ వాడి కాళ్లు ఇనుముకు ఆనాలి. నీ కొంగుకు తాళాలు కట్టుకో. వచ్చినప్పుడు వాడి పిడికిట్లో పెట్టు. ఇనుము పట్టుకుంటే గాలి వదిలేస్తుంది.

నువ్వు మఫ్లరు కొన్నానని రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను చెప్పిన గాలి ఆ గాలి కాదమ్మా. చెవులకు కట్టుకుంటే పోయే గాలి కాదు. చిన్నప్పుడు వాడికి తగిలిన గాలి నువ్వు చూసిందే. పొలం గట్టు మీద నడుస్తూ నడుస్తూ నారుమడిలో పడిపోయేవాడు. మా అమ్మ వాడిని ఇనుప మంచం మీద పడుకోబెట్టేది, తలకింద కొడవలి పెట్టేది. బడికి వెళ్లే వయసు వచ్చేసరికి తగ్గిపోయింది. అది పోయిన తర్వాత మా ఇంట్లో ఎవ్వరూ దాని పేరెత్తలేదు. నోటితో అంటే విని వెనక్కి వస్తుందని మా అమ్మ. వాడి దగ్గర కూడా ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు. పెళ్లి మాటలప్పుడు కూడా ఎవరికీ గుర్తే లేదు. గుర్తొస్తే కూడా అనేవాళ్లం కాదేమో.

మరి నాకెందుకు ఇనుప టీపాయి అని అడుగుతావు. వాడు క్రేను ఎక్కిన రోజు నుంచీ నాకు ఆ గట్టే కళ్లలో మెదులుతోంది. అంతకంటే ఏం చెప్పను.

చెప్పినట్టు చెయ్యి. నేను వస్తాను.

వదిన


ముత్తుకూరు,
అక్టోబరు ఆఖరు.

వదిన గారికి,

మీ మీద చాలా కోపంగా ఉన్నాను. పెద్దవారని కూడా చూడకుండా రాస్తున్నాను, క్షమించండి.

డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా?" అని. మీ తమ్ముడు లేదన్నారు. నేనూ లేదన్నాను. ఆయన ఆ కాగితం మీద లేదని రాసుకుని, దాన్నిబట్టి మందు ఇచ్చారు. మీ ఉత్తరం చదివాక, అబద్ధం ఆడారని మీ తమ్ముడి మీద మండిపడదామని వెళ్లాను.

"చిన్నప్పుడు మీకు ఫిట్స్ రాలేదా?" అన్నాను.

"రాలేదు. ఎన్నిసార్లు చెప్పాల?"

"గాలి తగిలేదా?"

"ఆఁ, గాలి తగిలేది. మా అమ్మ కొడవలి పెట్టేది తల కింద. అదీ ఇదీ ఒకటి ఎట్టవతాది? అది గాలి గదా!"

ఆయన ముఖంలో అబద్ధం లేదు, వదినా. నిజంగా రెండూ వేరు వేరనుకుంటున్నారు. డాక్టరు అంత ఓపిగ్గా అడిగింది మనకు తెలియని మాటతో. తెలిసిన మాటను మీ ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి చెబుదాం రండి అన్నాను. ఒప్పుకోలేదు. "ఇంకా పాతవి తవ్వితే ఆయన కంపెనీకి కాగితం రాస్తాడు" అన్నారు. రాయరని ఎంత చెప్పినా వినలేదు. ఇంతకీ ఇవన్నీ నాకు ఎలా తెలిశాయని అడిగారు. మీరు ఎప్పుడో మాటల్లో అన్నారని బొంకాను.

టీపాయి సంగతి. మీరు వస్తున్నారని అన్నయ్య గారు ఫోనులో చెప్పగానే ఆయనే దాన్ని లోపలికి లాగారు. "అక్క కొన్నదాన్ని బయట పడేస్తే ఏమనుకుంటాది?" అంటారు. ఆయన డ్యూటీకి వెళ్లగానే నేను వరండాలో పెడతాను. వచ్చాక ఆయన మళ్లీ లోపల పెడతారు. మా ఇద్దరికీ ఇప్పుడు ఇదొక్కటే సంభాషణ. ఇంటివాళ్లు భయపడినట్టే నేల మీద గీతలు పడ్డాయి.

వాయుగుండం మాత్రం నా మాట విన్నట్టుంది. రెండు రోజులుగా ఒకటే ఈదురుగాలి. మైపాడు వైపు సముద్రం రోడ్డు దాకా వచ్చిందని చెబుతున్నారు. ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, క్రేన్లు ఆపేశారు. ఆయన ఇంట్లోనే ఉన్నారు. కరెంటు లేదు. బొంత మీద హాయిగా నిద్రపోతున్నారు. ఇంత గాలిలోనూ నేను కూడా నిన్న కాస్త కన్ను మూశాను. ఇది తగ్గితే మళ్లీ ఎక్కుతారు. ఆగిపోయిన ఓడలన్నీ ఒకేసారి వస్తాయి, డ్యూటీ మీద డ్యూటీ వేస్తారు. నిద్ర ఉండదు. నా భయం అదే.

నా మాట వినడం లేదు. మీ మాట వింటారేమో. వానలు తగ్గగానే రండి. టీపాయి గురించి మనం అప్పుడు పోట్లాడుకుందాం.

వినీల


చిట్టమూరు,
నవంబరు.

పెంచలకృష్ణకు అక్క రాయునది.

ఈ ఉత్తరం నీ పేరుమీదే, మీ ఇంటికే పంపుతున్నాను. నీకు గుర్తుండదు కాబట్టి రాస్తున్నాను. నీకు జరిగింది నువ్వు తప్ప మేమందరం చూశాం. ఆసుపత్రిలో నీ పక్కన కూర్చుని చెబుదామనుకుంటే, నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకే తెలియదు. వార్డంతా వింటుందని ఊరుకున్నాను.

నేను వచ్చిన రోజు టీపాయిని నేనే మధ్యకు జరిపాను. వినీల నా చెయ్యి పట్టుకుని వద్దని బతిమాలింది. "నోర్ముయ్యి, నీకేం తెలుసు" అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది. నువ్వు డ్యూటీ మీద డ్యూటీ చేసి వచ్చావు. ఆ సాయంత్రం వినీల పాలకోసం రెబెక్కమ్మ ఇంటికి వెళ్లింది. నువ్వు సోఫాలో కూర్చుని నీ పాదాలు ఇనుప కాళ్లకు ఆనించుకున్నావు, నా ముచ్చట తీర్చడానికి. నాకేసి చూసి నవ్వావు. ఇక నీకు భయం లేదనుకుని కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లాను.

హాలుకు వీపు పెట్టి నిలబడ్డాను కృష్ణా. కాఫీ పైకెత్తి తిరగబోస్తూ నిలబడ్డాను. నా వెనక నువ్వు కేక వేశావట. అద్దం పగిలిన చప్పుడు వీధిలో వాళ్లకు వినబడిందట. నాకు వినబడలేదు. నురగ బాగా వచ్చిందని చూసుకుంటున్నాను. రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాక చూశాను. నల్లద్దం హాలంతా ముక్కలై ఉంది. నువ్వు సోఫాకూ టీపాయికీ మధ్య పడి కొట్టుకుంటున్నావు. ఆ ఇనుప కాలు నీ కణతకు జానెడు దూరంలో ఉంది. నీ తల ఎగిరెగిరి దానివైపే పోతోంది.

గ్లాసులు ఎక్కడ పడేశానో తెలియదు. అయినా నేనేం చేశాను? టీపాయిని పక్కకు లాగానా? లేదు. నా కొంగు తాళాలు విప్పి నీ పిడికిట్లో కుక్కాను. అమ్మ చేసినట్టే చేశాను. ఆ పిడికిలి నీ వశంలో లేదు. తాళాలతో సహా పైకి లేచి నీ ముఖం మీదే పడింది, మళ్లీ లేచి మళ్లీ పడింది. నీ కనుబొమ్మ మీద కుట్లు అద్దం గుచ్చుకుని పడ్డాయని నీకు చెప్పారు. కాదు. అవి నా బీరువా తాళంచెవి వల్ల పడ్డాయి. ఇంకో అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను.

అప్పుడు నాకు వినీల రాసింది గుర్తొచ్చింది. అవును, ఆ పిల్ల నాకు రాసింది, నువ్వు వేయించుకున్న ఒట్టు తప్పి రాసింది. ఆ పిల్లను ఒక్క మాట అన్నావంటే నేను నీకు అక్కను కాను. తాళాలు లాక్కుని విసిరేశాను. టీపాయిని కాలితో తన్నాను. నిన్ను పక్కకు తిప్పి, నీ తల కింద నా అరచేయి పెట్టి కూర్చున్నాను. వినీల వచ్చేదాకా అలాగే ఉన్నాను. నువ్వు నిదానించాక ఊపిరి తీస్తున్నావో లేదో వినడానికి నాకు చెవులు లేవు. నీ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. అంత భయం నేను అమ్మ పోయినప్పుడు కూడా పడలేదు.

ఇనుము నిన్ను ఏమీ కాపాడలేదు. నేనే కళ్లారా చూశాను.

కృష్ణా, ఒక్కటే అడుగుతాను. నీ తలకూ ఆ టీపాయికీ మధ్య జానెడు ఉంది. క్రేనుకూ నేలకూ మధ్య ఎంత ఉందో నువ్వే చెప్పు. కింద పనిచేసే వాళ్లు ఉంటారు కదరా, వాళ్లకు కూడా ఇంట్లో ఎవరో ఒకరు బొంత పరిచి ఎదురుచూస్తూ ఉంటారు. ఉద్యోగం పోతే చిట్టమూరు రా. మీ బావతో పాటు నిమ్మకాయలు ఏరుకుందువు. నా తమ్ముడు క్రేను ఆపరేటరని నేను ఊళ్లో చెప్పుకోకపోతే నాకేం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లు. నీకు చిన్నప్పుడు వచ్చింది ఫిట్సే. అమ్మ భయపడి దానికి వేరే పేరు పెట్టింది. ఇదిగో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను చూడు. ఫిట్సు. రాశాను. ఇల్లేమీ కూలిపోలేదు.

అక్క


ముత్తుకూరు,
డిసెంబరు.

అక్కా,

నేను ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. తప్పులుంటే నవ్వుకో, బావకు మాత్రం చూపించొద్దు.

నీ ఉత్తరం చదివి కూడా నేను మర్నాడు ఓడరేవుకు వెళ్లాను. నిజం చెబుతున్నాను. వినీల గుమ్మంలో నిలబడి అన్నం డబ్బా చేతికిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. కంపెనీ బస్సులో అందరూ తుఫాను గురించి మాట్లాడుకుంటున్నారు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. క్రేను దగ్గర హెల్మెట్ పెట్టుకుంటే కుట్ల మీద ఒత్తుకుంది. నిచ్చెన మొదటి మెట్టు మీద చెయ్యి వేశాను. చల్లగా తగిలింది. అది కూడా ఇనుమే కదా అక్కా. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పైకి చూస్తే కళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా కాలేదు. కింద హుక్కు తగిలించే వాళ్లు, "ఏం అన్నా, ఎక్కవా?" అని కేకేశారు. వాళ్ల ముఖాలు చూశాను. రోజూ నా కింద నిలబడేది వాళ్లే.

వెళ్లి మా సూపర్‌వైజరుతో చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు, తర్వాత తిట్టాడు, తర్వాత కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ప్రస్తుతానికి నన్ను కింద, లారీలు తూచే కాటా గదిలో వేశారు. పగటి డ్యూటీ మాత్రమే. మళ్లీ క్రేను ఎక్కనిస్తారో లేదో తెలియదు. ఎక్కనివ్వకపోవచ్చు. కాటా కిటికీలోంచి నా క్రేను కనిపిస్తుంది, ఇంకెవరో నడుపుతున్నారు. అప్పుడప్పుడు కుర్చీ ఇటు తిప్పేసుకుంటాను.

నిన్న వినీలా నేనూ నెల్లూరు వెళ్లాం. డాక్టరు పాత కాగితం ముందు పెట్టుకుని మళ్లీ అడిగాడు. "చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా?"

అమ్మ గుర్తొచ్చింది. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టినట్టే అనిపించింది. వినీల నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"వచ్చినాయి సార్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. అంతే. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయట టోకెన్ నంబరు పిలుస్తూనే ఉన్నారు. నేను పడిపోతానేమోనని చేతులు కుర్చీకి పట్టుకుని కూర్చున్నాను, పడలేదు. ఇంకో పరీక్ష రాశాడు, మాత్ర మార్చాడు. ఇంకా రావచ్చట, తగ్గడానికి టైం పడుతుందట. భయం పోయిందని నీకు అబద్ధం చెప్పను. కాఫీ తాగుతూ ఉంటే ఇప్పటికీ వినీల కళ్లు నా చేతి మీదే ఉంటాయి, గ్లాసు వణుకుతుందేమోనని.

టీపాయి కాళ్లు పాతసామాన్ల వాడికి వేశాను. నువ్వు తిట్టినా సరే. రెబెక్కమ్మ గారు గుండ్రంగా ఉండే పేము బల్ల ఇస్తానన్నారు, దానికి మూలలు లేవు. వినీల అది కూడా వద్దంది. ప్రస్తుతం హాలు మధ్యలో ఏమీ లేదు, బొంతలే. సాయంత్రం నేను రాగానే ఇద్దరం వాటి మీదే కూర్చుని, గ్లాసులు నేల మీద పెట్టుకుని తాగుతున్నాం.

మళ్లీ వచ్చినప్పుడు నువ్వు మా మధ్య కూర్చో. ఏమీ తేవొద్దు.

నీ తమ్ముడు,
కృష్ణ